మూత తీసిన పెట్టె

జీపు హారన్ వినపడగానే బొగ్గులమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. సగం ఇస్త్రీ అయిన చొక్కాను వదిలేసి, కణకణలాడే నిప్పులున్న తన ఇస్త్రీ పెట్టెనూ అత్త పెట్టెనూ మెట్ల కింద మూలకు తోసింది. వాటిమీద ఇనప తొట్టి బోర్లించి తడి గోనె కప్పింది. తొందరలో మణికట్టు చురుక్కుమంది. అయినా కిక్కురుమనలేదు.

ఆ వీధిలో ఇస్త్రీ చేసే అత్తలు కోడళ్లకు మొదట నేర్పే విద్య ఇదే. మున్సిపల్ ఆఫీసువాళ్ల కంట పొగ పడకూడదు. పడితే జరిమానా. ఆపైన మెట్ల కింద చోటిచ్చిన ఇంటాయన ఆ పూటే ఖాళీ చేయమంటాడు.

జీపు ఆగకుండా వీధి చివరి బడికి పోయింది. ఇవాళ అక్కడ మీటింగు. అత్తాకోడళ్లిద్దరూ బిక్కుబిక్కుమంటూ వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నారు.

జీపులో వచ్చిన, పేటలో పొగ మాన్పించే ప్లాను రాసే మేడమ్ మంచి మనిషే, పాపం. ఓపిగ్గా చెప్పుకొచ్చింది. వచ్చే నెల నుంచి పేటలో బొగ్గు, కట్టె కాల్చకూడదు. అలాగని ఎవరి కడుపూ కొట్టరట. పొగ మానేసినవాళ్లకు కరెంటు సామానూ, చిన్న కొట్టూ, చవగ్గా కరెంటూ ఇస్తారట. పక్క వీధి రొట్టెలాయనకు అప్పుడే కరెంటు బట్టీ వచ్చేసిందట. బొగ్గులమ్మ ఆశగా ముందుకు వంగింది.

"మీ వీధితో మాకు ఏ బెంగా లేదు. ఎన్నిసార్లొచ్చి చూసినా ఇక్కడ బొగ్గు వాడేవాళ్లే లేరు. అందుకే ప్లానులో మీకు ఏమీ పెట్టలేదు" అంది మేడమ్ నవ్వుతూ.

ముందు వరసలో ఇంటాయన చప్పట్లు కొట్టాడు. బొగ్గులమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఎంత బాగా దాచారమ్మా, తమ కూడు తామే కనపడకుండా దాచేసుకున్నారు! వచ్చే నెల బొగ్గు ఉండదు. ఇంటాయన కరెంటు ముట్టుకోనివ్వడు. ఇక బతికేదెట్లా?

ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పాలని, రేపటితో ప్లాను ఖాయమైపోతుందని మేడమ్ అంది. 

అత్త బొగ్గులమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నోరెత్తకే తల్లీ. ఇవాళే మన సామాను రోడ్డున పడుద్ది."

"ఎత్తకపోతే వచ్చే నెల పడుద్ది గదత్తా."

 బొగ్గులమ్మ చెయ్యి విడిపించుకుని లేచింది. అందరూ తననే చూస్తున్నారు.  గిరుక్కున తిరిగి బయటికి నడిచింది. భయపడి పారిపోతోందనుకున్నారు. నిజంగా భయమే.

మెట్ల కింద తొట్టి ఎత్తింది. నిప్పులు చచ్చాయేమో అనుకుంది. చచ్చుంటే బాగుండునని కూడా ఒక్క క్షణం అనుకుంది. బూడిద ఊదితే ఎర్రగా కళ్లు తెరిచాయి.

పెట్టె మోసుకుంటూ తిరిగొచ్చి, మేడమ్ ముందు గచ్చు మీద పెట్టి మూత తీసింది. గదంతా పొగ కమ్మింది. మేడమ్ దగ్గుతూ లేచి నిలబడింది.

ఇంటాయన గొంతు పెంచకుండా అన్నాడు: "మూతేసి ఇంటికి పో."

 ఇల్లంటే ఆయన మెట్ల కిందే.

"వెయ్యనండీ" అంది బొగ్గులమ్మ. 

వెనక బల్ల మీంచి అత్త లేచి, ఎవరివైపూ చూడకుండా బయటికి వెళ్లింది. సామాను సర్దడానికో, రెండో పెట్టె తేవడానికో బొగ్గులమ్మకు తెలియలేదు. గుమ్మం వైపే చూస్తూ నిలబడింది.