ఒప్పుకోలు రొట్టె

మార్పిడి మంత్రాన్ని నిషేధంలోనే ఉంచాలా, కట్టడి పెట్టి వదలాలా అని ఖాన్ కొలువులో పెద్దలు గొంతులు చించుకుంటుంటే ఉల్కాన్ కూడా నోరు విప్పింది. ఒకరి ఒంట్లోని రోగాన్ని ఇంకొకరి ఒంట్లోకి దింపడం ఆమెకు తల్లి నేర్పిన విద్య. నిషేధం ఉన్నా కలవాళ్ళు చాటుమాటుగా తమ జబ్బుల్ని పనివాళ్ళ మీదికి తోసి సుఖంగానే బతికారు.

"ఆపడం మీవల్ల కాదు గానీ, పుచ్చుకునేవాడు ఒప్పుకుంటేనే చెయ్యాలని చట్టం పెట్టండి. సాక్షుల ముందు రోగి చేతి రొట్టె తింటే ఒప్పుకున్నట్టు," అంది.

అందరూ భేష్ అన్నారు. రొట్టె తిని మాట తప్పే మనిషి ఆ కొండల్లో లేడు. పెట్టిన రొట్టె వద్దనే మనిషీ లేడని అంత తెలివైన కొలువులో ఒక్క బుర్రకూ తట్టలేదు. ఉల్కాన్ బుర్రకూ తట్టలేదు.

చలి మొదలయ్యాక గుర్రాల ఆసామి సరికుల్ నెత్తురు కక్కుతూ ఆమెకు కబురంపాడు. గుడారంలో సాక్షుల మధ్య అతని గుర్రాల కాపరి కూర్చుని ఉన్నాడు. ఆ కాపరి ఎవరో కాదు, ఆమె ఒక్కగానొక్క కొడుకు కల్దార్.

"రా అక్కా! మనిషి దొరికాడు. నలుగురూ చూస్తుండగా తిన్నాడు," అన్నాడు సరికుల్.

ఉల్కాన్ కొడుకు వైపు తిరిగింది. "ఎందుకు తిన్నావురా?"

"పెట్టాడమ్మా. పెట్టిన రొట్టె కాదని లేచిపోతే నువ్వే తిట్టవూ?"

"వాడికి తెలీక తిన్నాడు. ఇది చెల్లదు!"

"నువ్వు చెప్పిన చట్టమే కదక్కా? నీ కొడుకు దాకా వచ్చేసరికి చేదయిందా?"

సాక్షులు కిసుక్కున నవ్వారు. ఉల్కాన్‌కు వాళ్ళ మీద కన్నా తన మీద తనకే అసహ్యం వేసింది. నిషేధమే ఉంటే కొలువుకు పరిగెత్తి మొరపెట్టుకునేది. ఇప్పుడు మొర వినే చోటే లేదు. తన మీదికే దింపుకుందామంటే, మంత్రం వేసేవాళ్ళ ఒంట్లోకి రోగం దిగదు.

"నేను చెయ్యను."

"మానెయ్. లోయ అవతల ఇదే మంత్రం వేసే జుమాకాదిర్ ఉన్నాడు. చెయ్యి కాస్త మొరటు. మొన్న పుచ్చుకున్నవాడు అక్కడికక్కడే పోయాడట."

కల్దార్ చొక్కా విప్పాడు. "నువ్వే చెయ్యమ్మా. చలి పోయి గడ్డి మొలిచేదాకా అయినా బతికుంటాను."

ఉల్కాన్ పొయ్యి దగ్గర కూలబడి చాలాసేపు ఏడ్చింది. తర్వాత, కొడుక్కి చల్లగా తగలకూడదని, చేతులు సెగకు కాచుకుని అతని రొమ్ము మీద పెట్టింది.