సేటు అనొద్దు

ట్రస్టు మనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన రోజు నేను గోదాములో పార్సిళ్లకు స్టిక్కర్లు అంటిస్తున్నాను. ఇంట్లో ఉండి ఉంటే గల్లీ మొదట్లోనే పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడనివ్వకుండా తీసుకొచ్చేదాన్ని. భివండీలో, అందులోనూ మా నార్పోలిలో, దారి అడగడమంత ప్రమాదం ఇంకోటి లేదు. అతను పాన్ దుకాణం దగ్గర ఆగి గాలయ్య ఇల్లెక్కడని అడిగాడట. దుకాణం వాడు మహా మర్యాదస్తుడు. "గాలయ్య సేఠా? కారఖానా సేఠ్? సీదా వెళ్లండి" అన్నాడట.

గాలయ్య మా బాపు. నోటి క్యాన్సర్. దవడ ఆపరేషన్ అయింది. ఆ ఆపరేషన్ కోసమే నాగావ్‌లో కిరాయి షెడ్డులో ఉన్న మా నాలుగు సాంచాలనూ పాత ఇనుము కింద భంగారువాడికి అమ్మేశాం. నలభై ఏళ్ల మరమగ్గాలకు అంతకంటే ఎక్కువ ఎవరు ఇస్తారు? ఇక కీమో ఇంజక్షన్లు, కరెంటు పెట్టడం అని మేమనే రేడియేషన్ మిగిలాయి. వాటి ఖర్చు భరిస్తామన్నది ముంబైలోని ఒక ట్రస్టు. ముందు ఇంటికి మనిషిని పంపి చూస్తామన్నారు, పంపారు. అతను నాగావ్ కూడా వెళ్లాడు. మా షెడ్డులో ఇప్పుడు వేరేవాళ్ల సాంచాలు ఆడుతున్నాయి. ఆ చప్పుడు విని, అవి మావేనని తేల్చేసుకున్నాడు. "కారఖానా దాచిపెట్టి సాయం అడుగుతారా?" అని ఫోన్లో అనేసి పెట్టేశాడు.

మర్నాడు సెలవు పెట్టి వాళ్ల ఆఫీసుకు పోయాను. భంగారువాడు రసీదు ఇవ్వడని చెప్పాను. అతను వినలేదు. "కారఖానా లేనివాణ్ణి సేఠ్ అని ఎందుకంటారు?" అన్నాడు. ఏం చెప్పను? మా భివండీలో రెండు సాంచాలు నడిపినవాడూ సేటే, చాయ్ బండివాడూ సేటే. రిక్షావాడు ఎక్కినవాణ్ణి సేటంటాడు, ఎక్కినవాడు రిక్షావాణ్ణి సేటంటాడు. పైసా ఖర్చులేని పేరు కదా, అందరూ అందరికీ పంచిపెడతారు. ఇదంతా నేను చెబుతుంటే అతను గడియారం చూసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. అక్కడి బెంచీ మీద కూర్చుని లేవనంటే లేవనన్నాను. సాయంత్రానికి లోపలినుంచి పెద్ద మేడం వచ్చి, శనివారం తనే వచ్చి చూస్తానంది.

శుక్రవారం ఇల్లిల్లూ తిరిగాను.

"రేపు మా బాపును ఎవ్వలు సేటు అనకుండ్రి. ఉత్త గాలయ్య అనుండ్రి."

"ఇన్నేండ్ల సంది అలవాటు పడ్డ నోరాయె. ఒక్క దినంల ఎట్ల తిరుగుతదే సోనాలీ?" అంది పక్కింటి లస్మవ్వ.

"తిరగకుంటే బాపు దక్కడు చిన్నవ్వా."

ఆమె సరేనంది. హనుమాండ్లు కాకతోనే కష్టమైంది. బాపు దగ్గర సాంచాలు నడుపుతూనే ఆయన తల నెరిసింది. ఇప్పుడు వేరే సేటు దగ్గర పనిచేస్తున్నా, డ్యూటీ దిగి మా గడప దగ్గరికొచ్చి నిలబడనిదే ఇంటికి పోడు.

"నా నోట్లకెళ్లి రాదు బిడ్డా," అన్నాడు.

"రావాలె కాకా. ముందుగాల నిన్నే అడుగుతరు."

లోపల మంచం మీద బాపుకు అవ్వ, అంటే మా అమ్మ సుశీలాబాయి, పాలు పట్టిస్తోంది. నా మాటలు ఆయన చెవిన పడ్డాయి. సగం గ్లాసులోనే గోడవైపు తిరిగి పడుకున్నాడు. పడుకుంటే పడుకోనీ అనుకున్నాను.

శనివారం మేడం వచ్చింది. గల్లీ నేను చెప్పినదానికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. "గాలయ్యా? ఆ కూలోడా?" అన్నాడట పాన్ దుకాణం వాడు. లస్మవ్వ గుమ్మంలోంచి, "ఏయ్ గాలయ్యా, నీకోసం ఎవ్వలో అచ్చిండ్రు చూడు" అని కేకేసింది. ఆమె బాపును అట్లా పిలవడం పుట్టి నేను వినలేదు. మేడం ఖాళీ డబ్బాలు చూసింది, మందులు చూసింది. గడప దగ్గరున్న హనుమాండ్లు కాకను, ఈయన మీకేమవుతాడని హిందీలో అడిగింది.

కాక నేలచూపులు చూశాడు. "తోటి కూలోడు మేడం. నాలాంటోడే," అన్నాడు.

బాపు ఆయన్నే చూస్తున్నాడు. కాక తల ఎత్తలేదు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం గట్టెక్కామనిపించింది. మేడం లేచి, సాయం చేస్తామనీ, మధ్యలో తమవాళ్లు ఎప్పుడైనా చెప్పకుండా వచ్చి చూస్తారనీ అంది.

ఆ చివరి మాటతో గల్లీ మరీ జాగ్రత్తపడింది. పొద్దున లేస్తే "ఏం గాలయ్యా, నిద్రవట్టిందా?", మాపటికి "ఏం గాలయ్యా, పాలు తాగినవా?" నిన్నమొన్నటి పిల్లలు కూడా అదే పిలుపు. బాపు గడప మీద కూర్చోవడం మానేశాడు. తర్వాత కూర్చోవడమే మానేశాడు.

మొదటి ఇంజక్షన్ రోజు రిక్షా వచ్చి గల్లీ మొదట్లో ఆగింది. బాపు మంచం దిగలేదు. అవ్వ బతిమాలింది. ఈ తారీకు తప్పితే మళ్లీ వంతు ఎప్పుడొస్తుందో, ట్రస్టు వాళ్లు ఏమంటారో. నాకు ఓపిక చచ్చిపోయింది.

"ఎవ్వల కోసం తిరిగిన నేను? ఎవ్వల కోసం ఆ బెంచీ మీద బిచ్చగత్తె లెక్క కూసున్న? ఒక్క మాటకు గింత పౌరుషమా బాపూ?"

ఆయన మిగిలిన సగం నోటితో ముక్కలు ముక్కలుగా అన్నాడు. "కూలోనికి... ఎందుకే... గియ్యన్ని."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పోనీ చావనీ అని కూడా అనిపించింది, అనిపించినందుకు ఇంకా కోపం వచ్చింది.

అప్పుడు హనుమాండ్లు కాక వచ్చాడు. ఎప్పుడూ గడప దగ్గరే ఆగే మనిషి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. మా సాంచాలు ఆడిన రోజుల్లో పొద్దున్నే నూలు దిగిందని చెప్పడానికి వచ్చినప్పటి గొంతుతోనే అన్నాడు.

"సేటూ, రిక్షా అచ్చింది. లేవుండ్రి."

బాపు ఇటు తిరిగాడు.

"నేనుగూడ అస్తున్న సేటూ. ఇయ్యాల పని బంద్ పెట్టిన."

బాపు చెయ్యి చాచాడు. కాక భుజం ఇచ్చాడు. ఇద్దరూ బయటికి రాగానే గుమ్మాల్లో నిలబడ్డ గల్లీ అంతా చూసింది. "పోయి రా సేటూ," అంది లస్మవ్వ. ఆ వెనకే ఒక్కొక్కరూ, సేటూ, సేటూ అంటూ. పాన్ దుకాణం వాడైతే చెయ్యెత్తి సలాం కొట్టాడు.

బాపు తల ఎత్తుకుని రిక్షా ఎక్కాడు. నేను ఎక్కేముందు రోడ్డుకు ఇటూ అటూ చూశాను, ట్రస్టు వాళ్లెవరైనా విన్నారేమోనని.