షట్టర్ దిగేదాకా

పొద్దున షట్టర్ లేవగానే బట్టల కొట్టులో పనిచేసే ఆడపిల్లలంతా గోడవారన పెట్టిన నల్లబూట్లలో కాళ్ళు దూర్చేవాళ్ళు. మళ్ళీ షట్టర్ దిగితేగానీ అవి ఊడవు. ఎంత లాగినా, నూనె పోసినా అంతే. కొత్తగా చేరినవాళ్ళు నాలుగురోజులు గింజుకుని, ఆ తర్వాత నోరు మూసుకుని బట్టలు మడతపెట్టుకునేవాళ్ళు.

చిట్టి అని అందరూ పిలిచే అమ్మాయికి ఎడమ మడమ వెనక గోళీకాయంత వాచింది. ముట్టుకుంటే భగ్గుమనేది. మంచం దిగి మొదటి అడుగు వేసేసరికి ప్రాణం పోయినంత పనయ్యేది. కూర్చుందామంటే కొట్టులో కుర్చీలు కొనేవాళ్ళకే. మానేద్దామంటే ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే. ఎటూ పాలుపోక లోపల్లోపలే ఏడ్చుకునేది.

"వెనకాల కాస్త దూది కుక్కవే, సర్దుకుంటుంది," అంది పెద్దక్క. కొట్టులో అందరికన్నా పాతమనిషి, అజమాయిషీ అంతా ఆవిడదే. "నాకూ అలాగే ఉండేది. అలవాటైపోయింది."

దూది కుక్కాక వాపు ఇంకా పెరిగింది. సెలవురోజున చూపించుకోడానికి వెళితే డాక్టరమ్మ మడమ నొక్కి చూసి తిట్టిపోసింది.

"ఈ సలహా ఇచ్చిన మహాతల్లి ఎవరమ్మా? పిక్క నుంచి దిగే లావుపాటి స్నాయువుకీ మడమ ఎముకకీ మధ్య చిన్న నీటిసంచి ఉంటుంది, రెండూ రాసుకోకుండా. బూటు అంచు ఒత్తీ ఒత్తీ అది వాచింది. దాన్నే ఇంకా ఒత్తితే ఊరుకుంటుందా? మెత్త పెట్టాల్సింది మడమ కింద. ఐసు పెట్టు, కాలికి విశ్రాంతివ్వు, నొప్పి తగ్గాక పిక్కలు మెల్లగా సాగదియ్యి. అన్నిటికన్నా ముందు, వెనకవైపు అంచులేని చెప్పులు వేసుకో."

"మా బూట్లు ఊడవండీ."

"ఓహో, ఆ కొట్టా!" డాక్టరమ్మ మందులు రాస్తూ అంది. "అయితే అంచు కోసెయ్. మరీ ఆలస్యం చెయ్యకు."

మర్నాడు సాయంత్రం షట్టర్ దిగింది. అందరి బూట్లూ టపటపా ఊడాయి. ఇన్నాళ్ళూ తన గొడవలో పడి చిట్టి పట్టించుకోలేదు గానీ, పెద్దక్క మాత్రం బూట్లతోనే కుంటుకుంటూ ఇంటికెళ్ళిపోతోంది.

"ఆవిడవి ఊడటం ఎప్పుడో మానేశాయిలే," అంది పక్కపిల్ల జుట్టు ముడేసుకుంటూ. చిట్టి తన పాదాలు తడిమి చూసుకుంది.

మరుసటి మధ్యాహ్నం, బేరాలు జోరుగా ఉన్నప్పుడే, గుడ్డలు కోసే కత్తెర తీసుకుని కౌంటర్ వెనక చతికిలబడింది. బూటు కోస్తే ఉద్యోగం ఉండదని తెలుసు. అయినా కరకరా కోసేసింది. మడమకి గాలి తగలగానే కళ్ళనీళ్ళొచ్చాయి. బూటు వదులై కాలి నుంచి జారింది.

తలెత్తితే ఎదురుగా పెద్దక్క. ఇక తిట్లు తప్పవనుకుంది. ఆవిడ అటూ ఇటూ చూసి, పక్కనే కూలబడి కాలు చాపింది.

"నాదీ కొయ్యవే," అంది చిన్నపిల్లలా.

చిట్టి కత్తెర ఆనించిందో లేదో, "అమ్మా!" అని కెవ్వుమంది పెద్దక్క. నల్లటి తోలు మీద రక్తపుబొట్టు పొడుచుకొచ్చింది. వేలు పెట్టి వెతికినా బూటుకీ కాలికీ మధ్య సందు దొరకలేదు.

పెద్దక్క రుమాలుతో రక్తం తుడుచుకుంది. "రెండోది కూడా కోసుకుని వెళ్ళిపో. యజమానికి నేనేదో చెప్తాలే. మళ్ళీ ఈ ఛాయలకి రాకు."

"మరి నువ్వక్కా?"

"నన్నెక్కడికి రమ్మంటావే?" అంటూ ఆవిడ గోడ పట్టుకుని లేచింది.

చిట్టి ఉత్తకాళ్ళతో గుమ్మం దాటుతుంటే లోపలినుంచి పెద్దక్క గొంతు వినిపించింది. "రండి, రండి. ఏం చూపించమంటారు?"