కక్కిన పాలు

పాప పాలు కక్కినప్పుడల్లా కోడలు అత్తగారి మీద విరుచుకుపడేది. "మీరే గొంతుదాకా పట్టేస్తున్నారు!" దాంతో పెద్దావిడ భయపడి సగం సీసానే పట్టేది. పాప ఆకలితో గుక్కపట్టి ఏడ్చేది.

ఈరోజు డాక్టరమ్మ అడిగింది: "తాగగానే పడుకోబెడుతున్నారా? కాసేపు భుజాన వేసుకోండి, చాలు."

పొద్దున్నే బస్సు తప్పిపోతుందని, పాలు పట్టగానే పాపను ఉయ్యాల్లో వేసి పరుగెత్తేది తనే. అత్తగారైతే భుజం మీంచి దించేదే కాదు.

ఇంటికి రాగానే పెద్దావిడ ఆత్రంగా అడిగింది. "ఏమందమ్మా? తప్పు నాదేనా?"

"కాదత్తయ్యా, నాదే. ఇకనుంచి కడుపునిండా పట్టండి."

"మరి ఇన్నాళ్లూ నేను తిన్న తిట్లు ఎక్కడ కక్కుకోను?" అని నవ్వుతూ ఆమె చేతులు చాచింది.

కోడలికి నవ్వు రాలేదు. పాపను అందిస్తూ ఆ చిన్న పొట్టను ఒకసారి తడిమింది.