మొదటి పసుపు

విసాపూర్‌లో ఏ తెలుగింట పెళ్ళయినా పెళ్ళికూతురికి మొదటి పసుపు వెంకటమ్మే పెట్టాలి. ఎనభైకి దగ్గరపడినా చేతినిండా గాజులు, రూపాయి బిళ్ళంత బొట్టు. అంతటి పెద్ద ముత్తైదువ ఆ చుట్టుపక్కల లేదు. మొగుణ్ణి మాత్రం తిట్టని పూట లేదు.

తిట్టదూ మరి? తెల్లదొరల కాలంలో గట్టు తగాదాలో మనిషిని చంపి మొగుడు ఇస్తారి జైలుపాలయ్యాడు. అండమాన్‌కు పోతే భూమి ఇస్తామని, భార్యను పిలిపించుకోవచ్చని సర్కారు ఆశపెడితే ఖైదీల ఓడ ఎక్కడానికి తనే ఒప్పుకున్నాడు. కుదురుకోగానే పిలుస్తానన్నాడు. పిలుపు రానేలేదు. అక్కడ ఇంకొకతెను కట్టుకున్నాడని వెంకటమ్మ తేల్చేసింది. పన్నెండేళ్ళు చూసి, పోయినట్టే లెక్కని, ఆనవాయితీ ప్రకారం గడ్డిబొమ్మను చేసి కాల్చేద్దామని కులపెద్దలు వస్తే చీపురు తిరగేసింది. పీనుగను ఎవరు చూశారని అడిగింది.

మనవడు దత్తు చంద్రపూర్‌లో కరెంటు ఉద్యోగి. ఇంటింటికీ కేబుల్ టీవీ వస్తున్న రోజులవి. ఊళ్ళు తిరగడానికి సర్కారే ఖర్చులిచ్చే సెలవు దొరికితే, ముసలిదాని పోరు పడలేక అండమాన్ వెళ్ళాడు. ఇస్తారితో అదే ఓడలో వచ్చిన ముసలాయన ఒకడు అక్కడ బతికే ఉన్నాడు. ఇస్తారి దారిలోనే వాంతులు పట్టి పోయాడని, గోనెలో కుట్టి సముద్రంలో వదిలేశారని ఆయన చెప్పాడు.

దత్తు తిరిగొచ్చేసరికి ఇంట్లో కూతురు హర్షితకు పసుపు. పీట వేశారు. వెంకటమ్మ పసుపుగిన్నెతో ఎదురొచ్చింది.

"ఇంకోదాన్ని చేసుకున్నడా? నిజం చెప్పు."

నిజం చెబితే ఆ గాజులు ఇప్పుడే పగలగొడతారు. పెట్టిన పసుపులన్నీ గుర్తుచేసుకుని ముసలిది కుమిలి చస్తుంది. దత్తు గుండె రాయి చేసుకున్నాడు.

"చేసుకున్నడవ్వా. పిల్లలు గూడ ఉన్నరు."

శాపనార్థాలు పెడుతుందనుకున్నాడు. ఆమె కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి.

"పోనీ తీ. బతికిండు గద," అంది.

వెళ్ళి హర్షిత చెంపలకు నిండుగా పసుపు పూసింది. ముసలాడికి గారెలంటే ప్రాణమని, నాలుగు తీసి దాచమని కోడలు సావిత్రికి చెప్పింది. చేతులు కడుక్కుని మళ్ళీ దత్తు దగ్గరికే వచ్చింది.

"పెండ్లయినంక నన్ను తోల్కపో కొడుకా. ఒక్కసారి ముఖమ్మీద తిట్టి వస్త. ఓడ ఎన్నడుంటది?"

ఆమె జవాబు కోసం అక్కడే నిలబడింది.