ఎర్ర చీటీ

ముప్పై ఏళ్లుగా నేను చెబుతున్న మాట ఒక్కటే: ఆపద వచ్చినప్పుడు మనుషులు మృగాలైపోరు, పక్కవాడికి చెయ్యందిస్తారు. దీని మీద మూడు పుస్తకాలు రాశాను. కూలిన భవనాల దగ్గరా వరద శిబిరాల్లోనూ నాలుగొందల మందిని అడిగి మరీ రాశాను. మా సోషియాలజీ విభాగంలో నన్ను వెనకాల 'ప్రళయం మేడం' అంటారు. అననీ.

ఏటా మా భవనంలో ఉత్తుత్తి ప్రమాదం ఒకటి జరిపిస్తాను. కొందరికి రంగు పూసి, మెడలో చీటీలు కట్టి పడుకోబెడతాం. ఎర్రదైతే ముందు మోసుకెళ్లాలి. పసుపైతే కాసేపు ఆగొచ్చు. నల్లదైతే ప్రాణం లేనట్టు, దాటి వెళ్లిపోవాలి. అగ్నిమాపక దళం వాడేవీ అవే చీటీలు. అచ్చం నిజంలా ఉండాలని నేనే పట్టుబట్టి తెప్పించాను.

ఈసారి మా లైబ్రరీలో పనిచేసే తమ్ముడు నల్లది అడిగాడు.

"శవం వేషమైతే హాయిగా పడుకోవచ్చక్కా. మూలగక్కర్లేదు."

"చచ్చినా నీ బద్ధకం పోదురా" అంటూ నేనే కట్టాను, ఊడకుండా రెండు ముళ్లేసి.

డ్రిల్ పదకొండింటికి. పదిన్నరకే కింద క్యాంటీన్‌లో గ్యాస్ పేలింది. నేల ఎగిరిపడింది. కిటికీ అద్దాలు నా ఎదుటే అటెండరు మొహంలో దిగాయి. అయినా జనం నా పుస్తకంలో రాసినట్టే నడుచుకున్నారు. మెట్ల మీద ఎవరూ ఎవరినీ తొక్కలేదు. నడవలేనివాళ్లని ఎత్తుకుని ఆవరణలోకి చేర్చారు.

అక్కడే గోడ వారగా తమ్ముడు కనిపించాడు. కడుపులో ఇనుప చువ్వ, మొహం మీద గుడ్డ, మెడలో నల్ల చీటీ. వాడి వేళ్లు కదులుతున్నాయి. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను తీసిన దాంట్లో మావాడు పడ్డాడు.

అప్పటికే అగ్నిమాపక దళం వచ్చి దెబ్బలు తగిలినవాళ్లకి చీటీలు కడుతోంది. అంబులెన్సులో ఇంకొక్కరికే చోటుంది. ఫైర్‌మన్ చెయ్యి పట్టుకున్నాను. "అది వేషం కోసం నేను కట్టింది. వాడు బతికే ఉన్నాడు."

"అందరూ అదే అంటారమ్మా. జరగండి."

అతని చెయ్యి కొరికాను. అతను నన్ను విదిలించి పారేశాడు. లేచి తమ్ముడి మెడలోని దారం పళ్లతో తెంపాను. కానీ చీటీ లేనివాడి వంతు అందరి తర్వాతే వస్తుంది.

పక్కనే మా టైపిస్టు, కాలు నుజ్జయి, మెడలో ఎర్ర చీటీతో పడుంది. నా మూడు పుస్తకాలూ టైపు చేసింది ఆవిడే. నా చూపు ఎక్కడుందో గ్రహించి చీటీని రెండు చేతులా పట్టుకుంది.

"వద్దు మేడం."

ఆవిడ గుండెల మీద మోకాలు మోపాను. వేళ్లు ఒక్కొక్కటే విరిచి తెరిచాను. లాగితే దారం మెడ కోసింది. అది తీసుకెళ్లి తమ్ముడికి కట్టాను. పొగలో ఎవరూ చూడలేదు. స్ట్రెచర్ వాళ్లు చీటీ చూసి వాణ్ణి ఎత్తుకున్నారు.

రెండో బండి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆవిడ అంతసేపు ఆగలేదు.

ఆస్పత్రిలో కళ్లు తెరిచాక తమ్ముడు మెడ తడుముకున్నాడు.

"నాకు నల్లది కదక్కా కట్టావు? ఈ ఎర్రది ఎవరిది?"