దూరపు లెన్స్

"కొనుక్కో భవానీ. అంత సరదాగా ఉంటే కొనుక్కోవాల్సిందే" అన్నాడు హేమంత్‌కుమార్, పెనం మీంచి దిగిన దోసె కంచంలో వేయించుకుంటూ.

గంగాభవాని చేతిలో అట్లకాడ ఆగిపోయింది. కెమెరా మాట ఎత్తడానికి ఆమె ఎన్నో రోజులుగా ధైర్యం కూడగట్టుకుంది. ఫోన్లో ఉన్నది కెమెరా కాదా అంటాడు, ఈ వయసులో ఇదేం పిచ్చి అంటాడు అనుకుని, ఒక్కొక్కదానికీ జవాబు సిద్ధం చేసుకుంది. ఒక్కటీ అక్కర్లేకపోయింది. పక్కన కూర్చున్న అత్తగారు వెంకటనరసమ్మ కూడా "పోన్లేరా, దానికీ ఓ ముచ్చట ఉండొద్దూ" అని నవ్వారు. అత్తగారి నవ్వుతో భవాని అనుమానం ఇంకా గట్టిపడింది. పెనం మీద దోసె మాడింది. దాన్ని తన కంచంలో వేసుకుంది.

ఈ ఇంట్లో ఆమె అడిగినదానికి 'సరే' రావడం కొత్తేమీ కాదు. ఆ 'సరే' వెనకాల ఏముందో తర్వాత తెలుస్తుంది. పెళ్లయ్యాక ఎమ్మెస్సీ చదువుతానంటే సరే అన్నారు. ఆ ఏడాదే బావగారి పిల్లలు ట్యూషన్‌కని వచ్చి పదో తరగతి దాకా ఇక్కడే ఉండిపోయారు. స్కూటీ కావాలంటే సరే అన్నారు. "బండుందిగా" అంటూ చేపల చెరువు దగ్గరికి క్యారేజీలు, ఆసుపత్రికి అత్తగారు, అన్నీ దాని మీదే ఎక్కాయి. ఏది తెచ్చుకున్నా అది కొన్నాళ్లకి ఇంటి వస్తువైపోయేది, దానితో పాటు ఆమె కూడా. అందుకే ఇప్పుడు కోపం కంటే ముందు అనుమానమే వస్తుంది.

తాడేపల్లిగూడెంలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతుంది భవాని. ఏళ్ల తరబడి బోర్డు మీద పక్షి ముక్కులు గీసింది కానీ బతికున్న పక్షిని దగ్గరగా చూసింది లేదు. మొన్న శీతాకాలంలో పిల్లల్ని కొల్లేరుకి, ఆటపాక పక్షుల దగ్గరికి తీసుకెళ్లినప్పుడు, ఎవరో పెద్దావిడ తన కెమెరాలోంచి చూడమంది. గూడబాతు కింది ముక్కుకి వేలాడే సంచీలో సన్నటి రక్తనాళాలు కనిపించాయి. పిల్లలు పిలుస్తున్నా కాసేపు కన్ను తియ్యలేకపోయింది. ఆ తర్వాత రోజూ అంట్లు తోమాక వీడియోలు చూసి నేర్చుకుంది. అందరూ కొత్తరకం మిర్రర్‌లెస్ కెమెరాలకి మారుతున్నారట, పాతరకం డీఎస్ఎల్ఆర్‌లు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయట. నేర్చుకునేవాళ్లకి పాత బాడీ, అంటే లెన్స్ లేని కెమెరా, సరిపోతుంది, పక్షుల కోసమైతే లెన్స్ చూసుకోవాలి.

ఆదివారం ఏలూరు వెళ్దామని ఆమె బయలుదేరుతుంటే, "నేనూ వస్తా" అన్నాడు హేమంత్‌కుమార్. పన్ను పీకించుకోడానికి వెళ్లినప్పుడు కూడా తోడు రాని మనిషి. కారు భీమడోలు దాటాక, దారి చూస్తూనే అన్నాడు:

"ఫ్లాష్ విడిగా తీసుకుందాం. వెడల్పుగా పట్టే లెన్స్ ఉండాలి. వీడియో బాగా రావాలి."

"ఈ మాటలన్నీ ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"ఎవరో చెప్పార్లే."

పక్షికి ఫ్లాష్ ఎందుకు? అనుకుంది భవాని.

పాతవీ కొత్తవీ కెమెరాలమ్మే షాపు యజమాని సుందరరావు గారు పెద్దమనిషి. "ఏ రేంజ్‌లో చూపించమంటారు సార్?" అని హేమంత్‌కుమార్‌నే అడిగారు.

"నాకండీ" అంది భవాని. "పక్షులు తియ్యాలి."

"పక్షులదేముందండీ, ఇంట్లో ఫంక్షన్లకి పనికొచ్చేది చూపించండి" అన్నాడు భర్త.

వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే ఆమె ఓ పాత బాడీ తీసుకుంది. తెల్లకాగితాన్ని ఫోటో తీసి మచ్చలున్నాయేమో చూసింది. లెన్స్‌లోకి ఫోన్ లైటు వేసి బూజు పట్టిందేమోనని వెతికింది. ఏ వస్తువునీ ఒక్క మాట మీద నమ్మే అలవాటు ఆమెకి పోయింది. అప్పుడే ఫోన్ మోగింది. గణపవరం నుంచి పెద్దాడపడుచు సత్యవతి.

"కొన్నారా భవానీ? తమ్ముడు చెప్పాడులే. మా అమ్మాయి అలేఖ్య ఓణీల ఫంక్షన్‌కి భీమవరం ఫోటోగ్రాఫర్‌ని వద్దని చెప్పేశాం. ఇంట్లో మనిషివి నువ్వుండగా బయటివాళ్లెందుకు? పొద్దున మంగళస్నానం దగ్గర్నుంచి నువ్వే చూసుకోవాలి. ఆల్బమ్ కూడా చేసేద్దువుగాని. తర్వాత మా తోడికోడలి గృహప్రవేశం ఉంది, వాళ్లకీ మాటిచ్చేశాను."

"మళ్లీ చేస్తాను వదినగారూ" అని ఫోన్ పెట్టేసింది.

విచిత్రంగా, ఆమెకి ప్రాణం కుదుటపడింది. ఇన్ని రోజులూ తననే తిట్టుకుంది, మంచిని కూడా నమ్మలేని బుద్ధి వచ్చిందని. తన బుద్ధిలో లోపమేం లేదు. భర్త వైపు చూసింది. ఆయనకి ఉన్నట్టుండి స్టాండ్ల మీద ఆసక్తి పుట్టింది.

"నన్నొక్క మాట అడగొచ్చు కదండీ."

"ఇందులో అడగడానికేముంది? మనవాళ్లేగా. నీకూ చెయ్యి తిరుగుతుంది."

భవాని సుందరరావు గారి వైపు తిరిగింది. "ఈ బాడీ, ఆ పొడుగు లెన్స్. చిన్న లెన్స్ వద్దు. ఇస్తారా అండీ?"

ఆయన ఇబ్బందిగా చూశారు. "మొదటిసారి కొంటున్నారు కాబట్టి చెబుతున్నానమ్మా. ఇది దూరానికి పనికొచ్చేది. ఇంట్లో తియ్యలేరు. హాల్లో పదిమంది నిలబడితే ఇద్దరి మొహాలు పడతాయి. గ్రూపు ఫోటో కావాలంటే మీరు వీధిలోకి వెళ్లి నిలబడాలి."

"నిజంగా రాదా అండీ?"

"రాదమ్మా."

"అయితే ఇదే ఇవ్వండి."

హేమంత్‌కుమార్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మరి అక్కకి ఏం చెప్పమంటావ్?"

"మీరేం చెప్పక్కర్లేదండీ" అని భవాని ఫోన్ తీసి ఆడపడుచుకి కలిపింది.

"వదినగారూ, ఆ ఫోటోగ్రాఫర్‌ని మళ్లీ పిలుచుకోండి, నా కెమెరా పక్షులకి కొనుక్కున్నాను. ఫంక్షన్‌కి తప్పకుండా వస్తానండీ. అలేఖ్యకి అక్షింతలు వేసి, మొదటి బంతిలోనే కూర్చుంటాను."